‘బలమైన పాత్ర’ అని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీలో విదేశీ సిరీస్‌ల సమీక్షలు వదలకుండా చదువుతాం. వాటిలో ఒక మాట పదేపదే ఎదురవుతోంది: ‘బలమైన నల్లజాతి మహిళ పాత్ర’. మెచ్చుకోలుగానే రాస్తున్నారు, అందులో అనుమానం లేదు. చిక్కేమిటంటే, అమెరికా తెర నల్లజాతి స్త్రీకి మొట్టమొదట తొడిగిన వేషమే బలం. ఇవాళ అదే వేషాన్ని ఉతికి ఇస్త్రీ చేసి మళ్లీ తొడిగితే కొత్తదనం అనుకుంటున్నాం. ఆ మాటను మీ సమీక్షకులు పొదుపుగా వాడాలనీ, దాని బదులు చూడదగ్గ సంగతులు తెర మీదే బోలెడు ఉన్నాయనీ చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే. వీలున్నంత వేసుకోండి.

‘మామీ’ అనే మూసతో మొదలుపెడదాం. భారీ మనిషి, తలకు గుడ్డ, దొరల పిల్లల్ని సొంత పిల్లల కంటే మిన్నగా సాకే గుండె. ఆమెకు అలుపు రాదు, జబ్బు చెయ్యదు, మొగుడూ పిల్లలూ కథలోకి అడుగుపెట్టరు. బానిసత్వం అంత చెడ్డదేం కాదులే అని తెల్లవాళ్లు తమకు తాము సర్దిచెప్పుకోవడానికి ఈ బొమ్మ బాగా పనికొచ్చింది. సినిమా కంటే ముందే వ్యాపారం దీన్ని అందుకుంది. బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్ చేత 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ‘ఆంట్ జెమైమా’ వేషం కట్టించి పాన్‌కేకుల పిండి అమ్మారు. ఆ పేరును డబ్బాల మీంచి తీసేస్తామని కంపెనీ ప్రకటించింది 2020లో. 1923లో అయితే, దక్షిణ రాష్ట్రాల ‘నమ్మకమైన మామీల’కు రాజధాని వాషింగ్టన్‌లో స్మారకం కట్టే బిల్లును అమెరికా సెనేట్ ఆమోదించేసింది కూడా. నల్లజాతి సంఘాలు, పత్రికలు గట్టిగా అడ్డుకోవడంతో అది ప్రతినిధుల సభ గడప దాటలేదు.

విగ్రహం లేవలేదు గానీ తెర మీద పాత్ర లేచింది. 1940 ఫిబ్రవరి 29 రాత్రి లాస్ ఏంజెలిస్‌లోని అంబాసిడర్ హోటల్లో హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ అందుకుంది. నల్లజాతిలో ఆ బహుమతి పొందిన తొలి వ్యక్తి. ‘గాన్ విత్ ద విండ్’ సినిమాలో ఆమె పాత్ర పేరు కూడా మామీయే. మిగతా నటవర్గంతో కలిపి కూర్చోబెట్టలేదు, గోడవారగా వేసిన చిన్న బల్ల దగ్గర చోటిచ్చారు. అంతకు రెండు నెలల ముందు అట్లాంటాలో అదే సినిమా తొలి ప్రదర్శనకు జార్జియా జాతి వివక్ష చట్టాల వల్ల ఆమె వెళ్లలేకపోయింది. నల్లజాతి స్త్రీకి రెండో ఆస్కార్ రావడానికి 51 ఏళ్లు పట్టింది: 1991లో ఊపీ గోల్డ్‌బర్గ్. ఆ తర్వాత సహాయనటి విభాగంలో గెలిచిన కొన్ని పాత్రలు చూడండి. 2010లో మోనీక్, కూతురిని హింసించే తల్లి. 2012లో ఆక్టేవియా స్పెన్సర్, పనిమనిషి. 2014లో లుపీటా న్యోంగో, బానిస. 2024లో డవైన్ జాయ్ రాండాల్ఫ్, కొడుకును యుద్ధంలో పోగొట్టుకుని బడి వంటశాల నడిపే తల్లి. వీళ్లలో ఎవరి నటననూ వేలెత్తి చూపలేం. అయితే ఈ పాత్రల వరసలో ఓర్పు, వంట, దెబ్బలు, కన్నీళ్లు ఎంత దట్టంగా ఉన్నాయో కళ్లకు కడుతుంది. ప్రధాన నటిగా 2002లో హాలీ బెరీ గెలిచాక రెండు దశాబ్దాలు దాటినా ఆ మెట్టు మరో నల్లజాతి స్త్రీ ఎక్కలేదు. దర్శకత్వ విభాగంలో ఇంతవరకూ ఒక్క నల్లజాతి స్త్రీకి కనీసం నామినేషన్ కూడా లేదు.

మామీకి ప్రేమకథ ఎందుకు లేదంటే రచయితల ఊహ చాలక కాదు. కాగితం మీద నిషేధమే ఉంది. హాలీవుడ్ 1930లో రాసుకుని 1934 నుంచి కచ్చితంగా అమలుచేసిన నియమావళి ప్రకారం తెల్ల, నల్ల జాతుల మధ్య శారీరక సంబంధం తెర మీద చూపకూడదు. ఆ నిబంధన 1956 సవరణ దాకా ఉంది. కథానాయకుడు ఎలాగూ తెల్లవాడే కాబట్టి నల్లజాతి నటికి నాయిక పాత్ర పుట్టే దారే మూసుకుపోయింది. పనిమనిషికి మాత్రం అడ్డు లేదు.

ఈ నిషేధం చేయించిన విన్యాసాలు మామూలువి కావు. 1933లో నల్లజాతి నటి ఫ్రెడీ వాషింగ్టన్ నల్లజాతి నటుడి సరసన నటించినప్పుడు, ఆమె లేతరంగు చూసి ప్రేక్షకులు తెల్లావిడ అనుకుంటారేమోనని ముఖానికి ముదురు రంగు పూశారు. 1949కి ఇది తిరగబడింది. తెల్లమనిషిలా చలామణీ అయ్యే నల్లజాతి యువతి పాత్రను తెల్లనటి జీన్ క్రెయిన్‌కు ఇచ్చారు. కౌగిలింతలు ఉన్నాయి మరి. నల్లజాతి గాయని, నటి లీనా హోర్న్‌తో 1942లో ఎమ్‌జీఎమ్ స్టూడియో ఒప్పందం కుదుర్చుకుని చాలా సినిమాల్లో ఆమెను పాటకే పరిమితం చేసింది. పాట మొదలయ్యేముందు ఎవరితోనూ మాటల్లేవు, అయ్యాక కథలోకి రాక లేదు. దక్షిణ రాష్ట్రాల్లో ఆ రీలు ముక్క కత్తిరించి పారేసినా కథకు చిల్లు పడకూడదన్నదే లెక్క. మెంఫిస్ సెన్సార్ బోర్డుకు 1955 దాకా పెద్దగా ఉన్న లాయిడ్ బిన్‌ఫర్డ్ లాంటివాళ్లు ఆ కత్తెరను బాగానే వాడారు. ఇంకో మెలిక వినండి. లీనా హోర్న్ చర్మానికి నప్పేలా మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ ‘లైట్ ఈజిప్షియన్’ అనే రంగు తయారుచేసింది. 1951లో మిశ్రమజాతి యువతి పాత్ర ఒకటి వస్తే అది లీనాకు దక్కలేదు, ఆ రంగు పూసుకున్న ఏవా గార్డ్‌నర్‌కు దక్కింది.

పాతకాలం ముచ్చట్లని కొట్టిపారేయకండి. 2016లో గాయని నీనా సిమోన్ జీవితకథలో నటించడానికి జోయీ సల్డానా చర్మాన్ని నల్లబరిచి, ముక్కుకు కృత్రిమ తొడుగు వేశారు. ముదురు రంగూ వెడల్పు ముక్కూ ఉన్నందుకే జీవితాంతం మాటలు పడ్డ మనిషి కథ అది! 2020లో సల్డానా క్షమాపణ చెప్పింది. స్టంట్లలోనూ ఇదే తంతు. నల్లజాతి నటికి డూపుగా తెల్లావిడకు రంగు పూసి దూకించడాన్ని ఆ రంగంలో ‘పెయింట్ డౌన్’ అంటారు. 1970ల్లో నటి పామ్ గ్రియర్‌కు డూపుగా చేసిన జేడీ డేవిడ్ లాంటి నల్లజాతి స్టంట్ కళాకారిణులు దీనికి ఎదురు నిలబడి దారి వేశారు. అయినా 2014లో ఒక టీవీ సిరీస్‌లో ఇదే జరగబోయి, వార్త బయటికి పొక్కాక ఆగింది.

మామీ పక్కన మరో మూస ‘సఫైర్’. ఇది రేడియోలోంచి 1951లో టీవీకి వచ్చిన ఒక హాస్య ధారావాహికలోని భార్య పేరు. నోరు తెరిస్తే మొగుణ్ని చీల్చి చెండాడటమే ఆమె పని. పౌరహక్కుల సంఘం నిరసనల మధ్య 1953లో ధారావాహిక ఆగింది గానీ ఆ పేరు ‘గయ్యాళి నల్లావిడ’కు సామాన్యనామం అయి కూర్చుంది. మూడోది ‘జెజెబెల్’, మగాళ్లను వలలో వేసుకునే ఆడది. దాని గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి మేం ఇక్కడ ఆగం. టీవీలో పనిమనిషి కాని నల్లజాతి నాయిక అంటే 1968లో డయాన్ కారల్ వేసిన నర్సు పాత్రను చెబుతారు. వియత్నాంలో భర్త పోయిన ఆ నర్సు మరీ ఉతికిన మల్లెపువ్వులా ఉందని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. 1974లో టెరీసా గ్రేవ్స్ పోలీసు డిటెక్టివ్‌గా వచ్చి ఏడాదిలోపే వెళ్లిపోయింది. ఆ తర్వాత పెద్ద టీవీ నెట్‌వర్క్‌లో నల్లజాతి స్త్రీ ముఖ్యపాత్రగా నాటక ధారావాహిక రావడానికి 2012 దాకా, కెరీ వాషింగ్టన్ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

ఇక నేటి ‘బలం’. ఇప్పుడు ఆమె పోలీసు కెప్టెన్, జడ్జి, ఆస్పత్రి అధిపతి, నిఘా సంస్థలో పై అధికారి. హోదా పెద్దది, మాట కరుకు. స్క్రిప్టు తెరిచి చూస్తే మాత్రం ఆమె చేసే పని మూడు ముక్కల్లో తేలిపోతుంది: నాయకుడికి పని అప్పజెప్పడం, అతను నియమం తప్పితే గద్దించడం, చివర్లో అతనిదే ఒప్పని తలూపడం. ఇల్లు కనిపించదు. ఫోన్ చేసే చెల్లెలు ఉండదు. హోదా తీసేస్తే మిగిలేది దొరలింటి మామీయే: ఇతరుల బరువు మోసేది, తన బరువు ఎక్కడా దించుకోనిది. నాయిక స్నేహితురాలి పాత్ర ఇదే అచ్చు. ఆమె ఫోన్ ఎప్పుడూ నాయిక ప్రేమ గురించే మోగుతుంది. హారర్, యాక్షన్ కథల్లో త్యాగమూర్తి మూడో అచ్చు. ఆమె చస్తే నాయకుడికి పౌరుషం వస్తుంది.

సమీక్ష రాసేవాళ్లు దీన్ని ఊహించక్కర్లేదు, లెక్కపెట్టొచ్చు. ఒక ఎపిసోడ్, ఒక కాగితం, ఒక పెన్సిల్ చాలు. ఆ పాత్ర ఉన్న ప్రతి సీనుకీ ఒక గీత గీసి, పక్కన ఆ సీను ఎవరి సమస్య మీద నడిచిందో ఒక్క మాట రాయాలి. పది సీన్లలో ఎనిమిది వేరొకరి సమస్య మీదే నడిస్తే, ఆ పాత్ర ఎంత గంభీరంగా మాట్లాడినా సహాయకురాలే. తర్వాత ఆమె వాక్యాల చివర చూడాలి. ప్రశ్నలూ ఆజ్ఞలూ తప్ప తన గురించి చెప్పుకున్న వాక్యం ఎన్ని నిమిషాలకు వచ్చింది? ఆమె ఒంటరిగా ఉన్న సీను ఉందా? ఉంటే అందులో ఏం చేస్తోంది? తెల్ల పాత్రలకు ఊరికే కిటికీ దగ్గర నిలబడే సీన్లు దండిగా దొరుకుతాయి, ఈమెకు దొరకవు. అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష తప్పు. ఆమె ఒక తప్పు చేసి, దాని ఫలితం తనే అనుభవించి, కథ ఆమెను శిక్షించకుండానూ మహాత్మురాలిని చేయకుండానూ ముందుకు తీసుకెళ్లిందా? ఈసా రే రాసి నటించిన సిరీస్ 2016లో మొదలైనప్పుడు అంతమంది అతుక్కుపోవడానికి కారణం ఆ నాయిక బలం కాదు. తడబాటు, అసూయ, అబద్ధాలు, అద్దం ముందు నిలబడి ర్యాప్ పాడుకుంటూ మాటలు సాధన చేసుకునే పిచ్చితనం. క్వింటా బ్రన్సన్ ఫిలడెల్ఫియా బడి కామెడీలో టీచరు కూడా అంతే, అత్యుత్సాహంతో చేసే పొరపాట్లే ఆమెకు ప్రాణం. ఆ పాత్రకు 2024 జనవరిలో ఆమె కామెడీ ముఖ్యనటిగా టీవీ పురస్కారం ఎమ్మీ అందుకుంది. ఆ విభాగంలో ముందు గెలిచిన నల్లజాతి నటి ఇసబెల్ శాన్‌ఫర్డ్. సంవత్సరం 1981.

కోపం గురించి ఒక మాట. సఫైర్ మూసకు భయపడి పాత్రకు కోపమే లేకుండా చేసినా మనిషి మిగలదు. 2024లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘హార్డ్ ట్రూత్స్’లో మరియాన్ జాన్-బాప్టిస్ట్ పాత్ర కనబడిన ప్రతివాళ్ల మీదా మండిపడుతుంది: డాక్టరు, సూపర్ మార్కెట్లో క్యూ, ఇంట్లో మొగుడు. సఫైర్‌తో తేడా ఎక్కడంటే, అక్కడ కోపం జోకుకు తాళం. ఇక్కడ కెమెరా కోపం చల్లారాక కూడా ఆమె మీదే ఉంటుంది, నిద్రలోంచి కేకతో ఉలిక్కిపడి లేవడం దాకా. అరుపు తర్వాతి పది సెకన్లు తెరమీద ఎవరివి? నవ్వే ఎదుటివాళ్లవా, ఆమెవా? ఎడిటింగ్ బల్ల దగ్గర తేలే సంగతి ఇది, స్క్రిప్టులో కనబడదు.

ఇప్పుడు వెలుతురు. మీ సమీక్షల్లో ‘కెమెరా పనితనం బాగుంది’ అనే వాక్యం తప్ప దీని ఊసు ఉండదు, మేం మాత్రం ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాం. ఎందుకంటే ముఖం కనబడని పాత్రకు స్క్రిప్టు ఎంత ఇచ్చినా దండగే.

లైట్ మీటర్లు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగును ఆధారంగా తీసుకుంటాయి. లేత తెల్లచర్మం సుమారు 36 శాతం తిప్పికొడుతుంది, అంటే ఒక స్టాప్ పైన (వెలుగు రెట్టింపైనా సగమైనా ఆ తేడాను ఒక స్టాప్ అంటారు). ముదురు నల్లచర్మం ఆ బూడిదరంగుకు ఒక స్టాప్ కిందో, ఇంకా కిందో ఉంటుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే తేడా రెండు స్టాప్‌లు, అంటే నాలుగింతలు. తెల్లనటుడికి సరిపెట్టి కెమెరా తెరిస్తే పక్కనున్న నటి కళ్లూ పళ్లూ తప్ప కనబడదు. చాలా సిరీస్‌ల్లో ఆఫీసు సీన్లలో జరిగేది అక్షరాలా ఇదే. తర్వాత రంగులు దిద్దే గ్రేడింగ్‌లో వెలుగు ఎత్తుదాంలే అనుకుంటారు. ఎత్తితే నీడల్లోని చుక్కల గరుకు (గ్రెయిన్) పైకొచ్చి చర్మం బూడిద పూసినట్టు అవుతుంది. ముదురు చర్మంలో ఉండే ఎరుపు, బంగారు, నీలి ఛాయలు షూటింగ్ రోజున పట్టుకోకపోతే తర్వాత ఎక్కణ్నుంచీ రావు.

దీనికి మందు ‘ఇంకో పెద్ద లైటు’ కాదు. ముదురు చర్మం చెదిరే కాంతిని తక్కువగా, మెరుపును స్పష్టంగా చూపిస్తుంది. నేరుగా గట్టి లైటు కొడితే నుదుటి మీద తెల్లమచ్చ, మిగతాది చీకటి. తెల్లబోర్డుకో మస్లిన్ గుడ్డకో కొట్టించి తిప్పిన వెడల్పాటి కాంతి అయితే ఆ మచ్చ చెంప పొడవునా పరుచుకుని ముఖానికి ఆకారం ఇస్తుంది. అందుకే పౌడరు అద్ది మెరుపు చంపేయడం తెల్లచర్మం కోసం పుట్టిన అలవాటు, ఇక్కడ చర్మానికి కాస్త మాయిశ్చరైజర్ రాసి మెరుపును ఉండనివ్వాలి. ఈసా రే సిరీస్‌కు కెమెరా పట్టిన ఎవా బర్కాఫ్‌స్కీ ఈ మూడూ వాడింది: తిప్పిన కాంతి, తేమగా ఉంచిన చర్మం, లెన్స్ ముందు పోలరైజర్. ఆ గాజును తిప్పితే మెరుపు ఎంత కావాలంటే అంతకు దిగుతుంది. బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుగు తింటుంది, ముందే లెక్కేసుకోకపోతే సీను చీకటవుతుంది.

ఇద్దరి ఫ్రేముకు ఖర్చులేని ఉపాయం దూరం. కీ లైటుకు, అంటే సీనులోని ప్రధాన లైటుకు, నల్లజాతి నటి రెండు మీటర్లలో, తెల్లనటుడు 2.8 మీటర్లలో ఉంటే అతని మీద పడే వెలుగు సగానికి, అంటే ఒక స్టాప్ తగ్గుతుంది. ఇంకో స్టాప్ కావాలంటే అతని వైపు డబుల్ నెట్, అంటే వెలుగు తగ్గించే రెండు పొరల వలగుడ్డ, అడ్డం పెడతారు. సింగిల్ నెట్ అయితే అర స్టాప్. దర్శకుడు ‘అతను లైటు దగ్గరకొచ్చి డైలాగ్ చెప్పాలి’ అని సీను మధ్యలో నిలబడే చోట్లు మారిస్తే ఇదంతా తలకిందులు. వెనక గోడ కూడా అంతే ముఖ్యం. తెల్లగోడ ముందు ముదురు చర్మాన్ని నిలబెడితే గోడ తెల్లబోకుండా చూసుకునే కంగారులో ముఖం మునిగిపోతుంది. గాఢమైన ఆకుపచ్చో నీలమో గోడ ఉండి, భుజం వెనక నుంచి సన్నని అంచు కాంతి వస్తే మనిషి విడిగా నిలుస్తుంది. వెలుగు స్థాయిని సున్నా నుంచి వంద దాకా కొలిచి చూపే వేవ్‌ఫామ్ మానిటర్లో లేతచర్మం 60–70 దగ్గర ఉండాలని సినిమా బళ్లో నేర్పుతారు. ముదురు చర్మాన్ని కూడా అక్కడికి లాగితే పాలిపోయినట్టు ఉంటుంది. దాన్ని 35–50 మధ్యే ఉంచి, మెరుపును మాత్రం పైకి పోనివ్వాలి. నల్లజాతి స్త్రీని తెల్లగా చూపించడం కూడా చీకట్లో వదిలేయడం లాంటి తప్పే.

ఈ అలవాట్లకు మూలం రసాయనాల దాకా పోతుంది. ఫొటో ల్యాబుల్లో ముద్రణ రంగులు సరిచూసుకోవడానికి కోడక్ పంపే నమూనా చిత్రం పేరు ‘షర్లీ కార్డు’. ఆ సంస్థ ఉద్యోగిని పేరది. దశాబ్దాల పాటు ఆ కార్డుల మీద తెల్లమ్మాయే. ఆమె చర్మం బాగా వస్తే యంత్రం బాగున్నట్టు. ముదురు గోధుమరంగు తేడాలు సరిగా రావట్లేదని చాక్లెట్, చెక్క సామాను కంపెనీలు మొరపెట్టుకున్నాకే కోడక్ ఫిల్మును మెరుగుపరిచే పని చురుకైందని ఆ సంస్థలో పనిచేసినవాళ్లు చెప్పారు. మనుషుల ముఖాల కంటే ముందు బల్లల నిగనిగలు గుర్తుకొచ్చాయన్నమాట. పలు జాతుల స్త్రీలున్న కార్డు 1990ల్లో వచ్చింది. అలాగని అంతకుముందు సాధ్యం కాలేదనీ కాదు. జూలీ డాష్ 1991లో దక్షిణ కరోలినా దీవుల్లోని గల్లా అనే నల్లజాతి సమాజపు స్త్రీల మీద తీసిన ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’ చూడండి. ఆర్థర్ జాఫా కెమెరా అదే ఫిల్ము యుగంలో ఇసుక, తెల్లబట్టలు, ముదురు చర్మం మూడింటినీ ఒకే ఫ్రేములో బతికించింది.

మేకప్, జుట్టు. మేకప్ పెట్టెలో ముదురు ఛాయలు రెండే ఉంటే మేకప్‌మ్యాన్ వాటికి తెలుపు కలిపి మధ్యరంగు చేస్తాడు. టైటానియం డయాక్సైడ్ ఉన్న ఆ తెలుపు లైట్ల కింద బూడిదలా తేలుతుంది. పైగా ముదురు చర్మం ముఖమంతా ఒకే రంగులో ఉండదు, నుదురూ దవడ అంచూ ముదురుగా, చెంపల మధ్యభాగం లేతగా ఉంటుంది. ఒకే ఛాయ పూస్తే ముసుగు వేసినట్టుంటుంది, రెండు మూడు ఛాయలు కలిపి పరవాలి.

జుట్టు అయితే ప్రొడక్షన్ షెడ్యూలు సమస్య. గట్టి చుట్ల జుట్టు తడిసి ఆరేసరికి అసలు పొడవులో నాలుగోవంతే కనబడేంతగా కూడా ముడుచుకుపోవచ్చు. ఉదయం తీసిన సీనుకీ సాయంత్రం తీసిన దానికీ జుట్టు ఆకారం మారితే కంటిన్యూటీ పోయినట్టే. సన్నజడలు వేయడానికి నాలుగు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. మిగతా నటులతో పాటు తెల్లారి ముప్పావుగంట ఇస్తే ఎవరికీ సాధ్యం కాదు. ముందురోజు కూలి ఇచ్చి వేయించాలి. ఆ పని తెలిసినవాళ్లు సెట్‌లో లేకపోతే రెండు జరుగుతాయి. నటి తన జుట్టు తనే ఇంట్లో వేసుకుని వస్తుంది, లేదా వేడి ఇస్త్రీతో రోజూ సాగదీస్తారు. 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ఇస్త్రీ పదేపదే తగిలితే చుట్టు మళ్లీ చుట్టుకోదు. బిగుతుగా లాగిన జడలు, విగ్గు జిగురు కలిసి నుదుటి అంచున జుట్టు రాలగొడతాయి. విగ్గు పెట్టినా కింద సొంత జుట్టును తలకు అంటేలా చదునుగా అల్లాలి, విగ్గు అంచునుండే లేస్ రంగు మాడు రంగుకు సరిపోవాలి. సరిపోకపోతే హెచ్‌డీ తెర మీద నుదుటిపై గీత కనబడుతుంది.

ఇంట్లో కూర్చుని పట్టుకోగల గుర్తు ఒకటి చెబుతాం: నిద్ర సీను. సహజమైన లేదా సాగదీసిన జుట్టున్న నల్లజాతి స్త్రీలు సాధారణంగా పడుకునేముందు తలకు సాటిన్ టోపీయో గుడ్డో కట్టుకుంటారు, నూలు దిండు తేమ లాగేసి వెంట్రుక తుంచేస్తుంది కాబట్టి. పాత్ర విరబోసుకున్న జుట్టుతో దిండు మీద పడుకుని, అలాగే చెక్కుచెదరకుండా లేచిందంటే, రచయితల గదిలో గానీ సెట్‌లో గానీ ఆ సంగతి చెప్పేవాళ్లు లేరని, ఉన్నా ఎవరూ వినలేదని అర్థం. 2014లో వయోలా డేవిస్ లాయర్ పాత్రలో అద్దం ముందు విగ్గు తీసి, రెప్పలు పీకి, మేకప్ తుడిచిన సీను అంత సంచలనం కావడానికి కారణం ఇదే. ఆ పాత్రకు మరుసటి ఏడు ఆమె ఎమ్మీ గెలిచింది, నాటక ధారావాహిక ముఖ్యనటి విభాగంలో తొలి నల్లజాతి స్త్రీగా. కేశాలంకరణ, మేకప్ ఆస్కార్ నల్లజాతి స్త్రీలకు మొదటిసారి వచ్చింది మాత్రం 2021లో, మియా నీల్, జమీకా విల్సన్‌లకు.

మాట తీరు మరో చోటు, ఇది మీ పేజీకి నేరుగా తగిలేది. ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లిష్‌కు సొంత వ్యాకరణం ఉంది, తెలుగువాళ్లకు అది తేలిగ్గా పట్టుబడుతుంది. ‘షి వర్కింగ్’ అంటే ఆమె ఇప్పుడు పనిచేస్తోంది. ‘షి బి వర్కింగ్’ అంటే పనిచేస్తూ ఉంటుంది, అది ఆమె అలవాటు. మన క్రియలో ఉన్న తేడాయే. ‘షి ఎ డాక్టర్’ అనడంలో తప్పేం లేదు, ‘ఆమె డాక్టరు’ అని మనమూ క్రియ లేకుండానే అంటాం. అయితే అలా క్రియ వదిలేయడానికీ హద్దుంది: ‘నేను’ పక్కన క్రియ పోదు, వాక్యం చివర్లోనూ పోదు. ఒత్తి పలికే ‘బిన్’ ఇంకో సంగతి. ‘షి బిన్ మ్యారీడ్’ అని ఒత్తితే ఆమెకు ఎప్పుడో పెళ్లయింది, ఇప్పటికీ భర్తతోనే ఉంది. తెలియనివాళ్లు ఒకప్పుడు పెళ్లయిందట అని తిరగేస్తారు. ఈ నియమాలు తెలియని రచయిత ప్రతి వాక్యంలో ‘బి’ చల్లుతాడు, నటి సెట్‌లో నిశ్శబ్దంగా దిద్దుకుంటుంది. తెలుగు ఉపశీర్షికలు రాసేవాళ్లేమో దీన్ని ‘మొరటు యాస’ అనుకుని పాత్రకు గయ్యాళి మాటలు అంటిస్తున్నారు. అసలు లేని సఫైర్ అలా మన భాషలో పుడుతోంది.

చివరగా, ఎవరి చేతిలో ఏముంది అన్నది. 2011లో వచ్చిన, మిసిసిపీ పనిమనుషుల కథలో తాను వేసిన పాత్ర గురించి వయోలా డేవిస్ తర్వాత విచారం వెలిబుచ్చింది. ఆ పనిమనుషుల గొంతు సినిమాలో వినిపించలేదన్నది ఆమె బాధ. అలాంటి గొంతు స్క్రిప్టులోకి రావాలంటే రచయితల గదిలో ఒక్క నల్లజాతి స్త్రీని కూర్చోబెడితే చాలదు, ఆమె వద్దన్నది ఆగాలి. బ్రిటన్‌లో మికేలా కోల్ తన సిరీస్ కోసం వచ్చిన పదిలక్షల డాలర్ల బేరాన్ని వద్దంది, హక్కుల్లో ఆమెకు కొంచెం వాటా కూడా ఇచ్చేది లేదన్నారు కాబట్టి. అదే సిరీస్ 2020లో బీబీసీ దగ్గర హక్కులు నిలుపుకుని తీసింది. అత్యాచారం తర్వాతి జీవితం మీద అంత చిక్కటి, అక్కడక్కడా నవ్వించే కథను ఇంకొకరి సంతకం కింద ఎంతవరకు తీయగలిగేదో మాకైతే అనుమానమే.

సమీక్ష కింద మీరు వేసే పెట్టెలో నటీనటులు, దర్శకత్వం, సంగీతం ఉంటాయి. వాటి కింద ఛాయాగ్రహణం, కేశాలంకరణ, రచనా బృందం అని మూడు గీతలు చేర్చండి. అర అంగుళం చోటు పడుతుంది. ఆ పేర్లు ప్రతి ఎపిసోడ్ చివర తెర మీద నడుస్తూనే ఉంటాయి, ‘తర్వాతి ఎపిసోడ్’ బటన్ నొక్కకుండా ఒక నిమిషం ఆగితే దొరుకుతాయి.

భవదీయులు,
మీ సినిమా పేజీ పాఠకులు కొందరు